కేబినెట్ విప్పకుండా ర్యామ్ కొనే విధానం

రేపల్లెలో మీ ఇంటి ముందుగదిలో ఓ డెస్క్‌టాప్ ఉంది. పెద్దాడు ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది అసెంబుల్ చేయించారు. వాడు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, సిస్టమ్ మీకు మిగిలింది. పొద్దున్నే స్విచ్ వేసి, స్టేషన్ దాకా నడిచి, టీ తాగి, తెనాలి పాసింజరు కదిలిందాకా నిలబడి చూసి ఇంటికొచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. పట్టాలు మా ఊరితో ఆఖరు. అయినా బండి వెనక్కి తిరిగి బయల్దేరుతుంది. మీ సిస్టమ్ బయల్దేరదు.

చివరికి ఇంట్లో ఆ మాట రానే వస్తుంది. "ఏవండీ, దానికి ర్యామ్ వేయించకూడదూ?"

కంగారు పడకండి. ర్యామ్ వేయడం కష్టమని చెప్పేవాళ్ళందరూ ముందు చూసి, చదివి, అడిగి, ఆ తర్వాత కొనేవాళ్ళు. ఆ మూడూ తీసేస్తే మిగిలేది కొనడం ఒక్కటే. అది పది నిమిషాల పని. నేను ఈ పద్ధతిలో రెండు సిస్టమ్‌లకు ర్యామ్ వేశాను. ఆ తర్వాత వాటిలో ఒక్కటి కూడా నాకు పని చెప్పలేదు. ఒకప్పుడు కరెంటు బిల్లు కట్టు, పెద్దమ్మ పింఛను చూడు, పిల్లదాని హాల్‌టికెట్ తీయి అని రోజూ ఏదో ఒకటి నా నెత్తిన పడేది. ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికి పడుకుంటే నాలుగున్నరకి లేస్తున్నాను. ఈ సుఖం అందరికీ అందాలన్నదే నా తాపత్రయం.

1. రోగం ఏమిటో తేల్చుకోవద్దు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట రెండు గీతలు చూస్తే సంగతి తెలిసిపోతుంది. మెమరీ గీత నూటికి తొంభై దగ్గర తిష్ట వేసిందంటే కొరత ర్యామ్‌ది. ర్యామ్ నిండిపోతే విండోస్ మిగతాది హార్డ్‌డిస్క్ మీద రాసుకుంటూ చదువుకుంటూ కూర్చుంటుంది కాబట్టే ఆలస్యం. అలాకాక మెమరీ సగమే వాడుతూ, డిస్క్ గీత మాత్రం నూటికి నూరు కొట్టుకుంటుంటే దోషం నిమిషానికి 7200 చుట్లు తిరిగే ఆ పాత హార్డ్‌డిస్క్‌ది. దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయాలి. ర్యామ్ ఎంత పోసినా ఆ కరువు తీరదు.

ఇది అర నిమిషంలో తెలుస్తుంది. అందుకే చూడొద్దంటున్నాను. తెలిస్తే చేయాలి. ఎస్‌ఎస్‌డీ అంటే మళ్ళీ విండోస్ ఎక్కించాలి, పెళ్ళి ఫొటోలన్నీ కాపీ కొట్టాలి, పాస్‌వర్డ్‌లు గుర్తు చేసుకోవాలి. ర్యామ్ అంటే ఒక పట్టీ, ఒక గాడి, ఒక నొక్కుడు. మీకు ఏది తేలికో రోగం అదేనని తీర్మానించుకోండి.

టాస్క్ మేనేజర్ చూశారా అని ఎవరైనా అడిగితే, "చూశానండీ, అది కూడా హ్యాంగ్ అయింది" అనండి. ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

2. లోపల ఏముందో చదవొద్దు

అదే టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో, స్పీడెంతో రాసి ఉంటుంది. సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేస్తే బోర్డు పేరుతో సహా చెప్పేస్తుంది. కేబినెట్ పక్క పలక తీస్తే ర్యామ్ స్టిక్ మీద తెల్ల స్టిక్కర్ కూడా కనిపిస్తుంది. అందులో పీసీ3-12800యూ లాంటి ముక్క ఒకటి ఉంటుంది. పీసీ3 అంటే డీడీఆర్3 తరం ర్యామ్. 12800 అంటే 1600 స్పీడు. చివర యూ ఉంటే మామూలు డెస్క్‌టాప్‌ది, ఎస్ ఉంటే లాప్‌టాప్‌ది, ఆర్ ఉంటే సర్వర్‌ది. ఆ స్టిక్కర్‌ని ఫోన్‌లో ఫొటో తీసి షాపులో చూపిస్తే సరిపడే స్టిక్ చేతిలో పెడతారు.

అలా చేసినవాళ్ళ గతి ఏమవుతుందో నాకు తెలుసు. సిస్టమ్ బాగైపోతుంది. "ఆయనకి కంప్యూటర్లు తెలుసట" అని పేరొస్తుంది. ఆ పేరు వచ్చిందంటే వీధిలో ఉన్న సిస్టమ్‌లన్నీ ఆదివారం పొద్దున్నే మీ అరుగు మీదికి వస్తాయి. ఒక స్టిక్కర్ చదివిన పాపానికి జన్మంతా ఊడిగం చేయాలి.

నా పద్ధతి వేరు. డీడీఆర్2 అయినా, 3 అయినా, 4 అయినా, 5 అయినా డెస్క్‌టాప్ స్టిక్ పొడవు ఒకటే, 133.35 మిల్లీమీటర్లు. జానెడు కన్నా తక్కువ, బెత్తెడు కన్నా ఎక్కువ. అన్నిటికీ పొడవు ఒకటే అయినప్పుడు కేబినెట్ విప్పే పనేముంది? స్కేలు పెట్టి పదమూడున్నర సెంటీమీటర్లకి కాస్త తక్కువగా దారం తెంపుకోండి. దర్జీ దగ్గరికి ఆది జాకెట్టు పట్టుకెళ్ళినట్టు ఆ దారాన్ని జేబులో వేసుకుని బయల్దేరండి. నేను తెల్లదారం వాడతాను, కౌంటర్ మీద బాగా కనిపిస్తుంది.

తరానికో వోల్టేజీ అని కొందరు భయపెడతారు. డీడీఆర్2కి 1.8, డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1 వోల్టులు. లెక్క నిజమే. కానీ వోల్టేజీ చూసుకోవడం కరెంటు ఆఫీసువాళ్ళ పని.

3. దూరపు షాపులోనే కొనండి

ఈ సలహా మీద శ్రద్ధ పెట్టండి. ఇక్కడ తప్పు చేస్తే మొత్తం పోతుంది.

ఊళ్ళో షాపుకి వెళ్తే వాళ్ళు అనే మొదటి మాట, "సార్, సీపీయూ ఒకసారి పట్టుకురండి." ఈ మాట వినగానే చెమటలు పట్టాలి. ఆ డబ్బా వెనకున్న తీగలు పీకాలి. ఏ తీగ ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి. స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని గుంతలు తప్పించుకుంటూ వెళ్ళాలి. ఇంతా చేశాక ఆ కుర్రాడు స్టార్ స్క్రూడ్రైవర్‌తో రెండు మరలు విప్పి, సరిపడే స్టిక్ పెట్టి, ఆన్ చేసి, డిస్‌ప్లే చూపించి, మళ్ళీ బిగించి ఇచ్చేస్తాడు. మీ కళ్ళ ముందే పని అయిపోతుంది. ఇక సాకు ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి తెనాలి వెళ్ళండి. భట్టిప్రోలు, వేమూరు మీదుగా పాసింజరులో కిటికీ పక్కన కూర్చుంటే హాయిగా నిద్ర పడుతుంది. అంతకన్నా మేలు, రాత్రి డెల్టా రైలు ఎక్కి సికింద్రాబాద్ వెళ్ళడం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని మేడ నిండా కంప్యూటర్ షాపులే. అక్కడ కొన్న సరుకు వెనక్కి ఇవ్వాలంటే మళ్ళీ ఓ రాత్రి ప్రయాణం. ఏ ఇల్లాలూ అంత మాట అనదు. తెనాలిలో కొంటే కూడా ఓ మంచి సాకు ఉంది. 2022 ఏప్రిల్ 4న రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. "వేరే జిల్లా బిల్లు, ఇక్కడ చెల్లదు" అనండి. వినేవాళ్ళకి కాసేపు ఆలోచన పడుతుంది. ఆ సందులో చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోవచ్చు.

షాపులో మాట్లాడే తీరు కూడా చెప్తాను. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు జరిగింది ఇది.

"బాబూ, ఒక ర్యామ్ ఇవ్వు."

"డీడీఆర్ ఎంత సార్?"

"నీ దగ్గర ఎంతుంటే అంత."

"అలా కాదు సార్. త్రీయా, ఫోరా? బోర్డేది?"

నేను దారం తీసి కౌంటర్ మీద పరిచాను. ఆ అబ్బాయి దారం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఇంట్లో ఎవరినైనా అడిగి ఫోన్ చేయించండి సార్" అన్నాడు.

ఇక్కడ తగ్గకూడదు. "అన్నిటికన్నా ఎక్కువ జీబీ, అన్నిటికన్నా తక్కువ డబ్బు, అది చూపించు" అనండి. అప్పుడు అడుగు అరలోంచి అసలైన బేరం బయటికొస్తుంది. సర్వర్లలోంచి పీకిన సెకండ్‌హ్యాండ్ స్టిక్కులవి. రిజిస్టర్డ్ ఈసీసీ అంటారు. ఇళ్ళల్లో వాడే మామూలు బోర్డులు దీన్ని తీసుకోవు, అందుకే చవక. "సార్, ఇది మీ సిస్టమ్‌లో పని చేయదు" అని ఆ అబ్బాయి రెండుసార్లు చెప్పాడు. చెప్పనివ్వండి. డీడీఆర్3 సర్వర్ స్టిక్ డీడీఆర్3 డెస్క్‌టాప్ స్లాట్‌లో గాడితో సహా చక్కగా కూర్చుంటుంది. కూర్చున్నాక ఏం చేస్తుందన్నది దాని ఇష్టం.

పైగా ఇప్పుడు కొత్తది కొనే రోజులు కావు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోతున్నాయి. మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్ని మానుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఈ రెండు ముక్కలూ ఇంట్లో భోజనాల దగ్గర చెప్పండి. ప్రపంచ పరిస్థితి తెలిసిన మనిషి ఏం కొన్నా ఆలోచించే కొన్నాడనుకుంటారు.

4. అంకె పెద్దది కొనండి

బోర్డుకి పట్టే కొలత ఒకటుంటుంది. ఇంటెల్ జీ31 చిప్‌సెట్ బోర్డు 4 జీబీ దాటి తీసుకోదు. జీ41 అయితే 8. మన ఊళ్ళలో ఇంకా చాలా ఇళ్ళల్లో నడుస్తున్న హెచ్61 బోర్డులకు రెండే స్లాట్లు, మొత్తం 16. దీనికి తోడు విండోస్ 32 బిట్‌ది అయితే ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ లోపే వాడుకుంటుంది, మిగతాది ఊరికే పడి ఉంటుంది. 64 బిట్ విండోస్ ఎక్కించుకుంటే ఆ అడ్డు పోతుంది కానీ, ఎక్కించడం అంటే ఎక్కించడమే కదా. వద్దు.

ఇవేమీ పట్టించుకోకుండా 16 కొనండి. మూడున్నర వాడుకున్నా మిగతా పన్నెండున్నర ఎక్కడికీ పోదు. చుట్టాలొచ్చినప్పుడు "మాది పదహారు" అనొచ్చు. ఎవరూ కేబినెట్ విప్పి చూడరు.

5. గాడి కుదరకపోతే అరచేత్తో

ఇప్పుడు బిగించే ఘట్టం. ఇక్కడ మాత్రం కేబినెట్ పలక తీయక తప్పదు. ప్లగ్గు తప్పనిసరిగా పీకండి. మన ఇళ్ళల్లో ఆ సాకెట్ ఒక్కటే సరిగా పనిచేస్తుంది, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవాలి.

ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు చిప్పుల్ని కాల్చేస్తుందని, ముందుగా కేబినెట్ ఇనుము ముట్టుకుని ఆ తర్వాత స్టిక్‌ని అంచులతో పట్టుకోవాలని చెప్తారు. అన్నం తిన్నాక పళ్ళెం ముట్టుకున్నంత సులువు ఆ పని. అయినా ఎందుకు? బంగారు పూత పళ్ళ మీదే వేళ్ళు పెట్టి గట్టిగా పట్టుకోండి. మామిడికాయ పచ్చడి కలిపిన చెయ్యి అయితే జారకుండా ఉంటుంది.

స్లాట్ రెండు చివరలా తెల్ల క్లిప్పులుంటాయి. స్టిక్ సరైనదైతే, రెండు పక్కలా సమానంగా నొక్కగానే టిక్కు టిక్కుమని ఆ క్లిప్పులు వాటంతటవే మూసుకుంటాయి. మూసుకోకపోతే దానికి కారణం ఉంది. స్టిక్ కింది అంచులో ఒక గంటు ఉంటుంది, స్లాట్‌లో దానికి సరిపడే మిట్ట ఉంటుంది. ఒక తరం స్టిక్ మరో తరం స్లాట్‌లో దిగకుండా ప్రతి తరానికీ ఆ గంటుని కాస్త పక్కకు జరిపారు. పళ్ళ లెక్క కూడా మార్చారు. డీడీఆర్3కి 240, డీడీఆర్4కి 288. తయారుచేసినవాళ్ళు ఇంత చెప్పినా మనం వెనకాడం.

నా రెండో సిస్టమ్ విషయంలో జరిగింది ఇదే. బోర్డు డీడీఆర్3ది, నేను తెచ్చింది డీడీఆర్4. పొడవు దారంతో చూస్తే సరిగ్గా సరిపోయింది. సాయంత్రం, కరెంటు లేదు. మా ఆవిడ టార్చి పట్టుకుంది. స్టిక్‌ని స్లాట్ మీద నిలబెడితే గంటు ఒకచోట, మిట్ట ఒకచోట. రెంటికీ మధ్య వేలిగోరంత కూడా లేదు తేడా. అంత చిన్న తేడా కోసం మళ్ళీ తెనాలి వెళ్ళేవాణ్ణయితే నేను ఈ సలహాలు రాసేవాణ్ణే కాదు. అప్పడాల కర్ర అడ్డంగా పెట్టి రెండు అరచేతులతో అదిమాను. ఎడమ పక్క దిగింది. కుడి పక్క దిగలేదు. బోర్డు విల్లులా వంగింది. ఇంకొంచెం అదిమాను. ఎండిన మునక్కాడ విరిచినట్టు చప్పుడైంది.

"ఏంటండీ అది?" అంది మా ఆవిడ.

"దిగింది" అన్నాను.

మీరూ ఆ మాటే అనండి. టార్చి ఆర్పేయమనండి.

అరచేతులు నొప్పెడితే ఇంకో దారి ఉంది. మిట్టని చాకుతో చెక్కేయొచ్చు. ఒకసారి చెక్కేస్తే ఆ స్లాట్‌లోకి ఏ తరం స్టిక్ అయినా వస్తుంది, ఏదీ నిలవదు.

6. పాతదాన్ని కొత్తదాన్ని కలిపేయండి, లేదా కలపకండి

రెండు వేర్వేరు స్పీడుల స్టిక్కులు పక్కపక్కన పెడితే రెండూ తక్కువ స్పీడుకే నడుస్తాయి. పల్లకీ బోయీలు నలుగురిలో కుంటివాడి నడకే పల్లకీ నడక. ఒకే సైజు, ఒకే స్పీడు జత పెడితే బోర్డు రెండు దారుల్లో ఒకేసారి చదువుతుంది, డ్యూయల్ ఛానెల్ అంటారు. అయితే జత వెతకాలి. వెతకడం మన పద్ధతిలో లేదు.

7. కూత వినిపిస్తే

ఆన్ చేశారు. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర నల్లగా ఉంది. లోపల్నుంచి ఆగకుండా బీప్, బీప్ అని కూత. ర్యామ్ అందకపోతే చాలా బోర్డులు ఇలా కూస్తాయి. ఎన్ని కూతలకు ఏ అర్థమో బోర్డుని బట్టి మారుతుంది.

ఈ దశలో చాలామంది బలహీనపడి ఒక పని చేస్తారు. స్టిక్ బయటికి తీసి, పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఆ బంగారు పళ్ళను రెండు వైపులా రుద్ది, పొడి ఊదేసి, మళ్ళీ సరిగా పెడతారు. మన నిజాంపట్నం వైపు ఉప్పుగాలికి, చెమ్మకి పళ్ళు మసకబారడం మామూలే. రుద్దితే చాలాసార్లు డిస్‌ప్లే వచ్చేస్తుంది. పాత స్టిక్ ఒక్కటే పెట్టి చూసినా సరే, కనీసం ముందున్న స్థితికైనా వస్తుంది. రబ్బరు ఇంట్లో కనపడకుండా దాచేయండి. పాత స్టిక్‌ని ఆ రోజే పాత ఇనుపసామాన్ల బండికి వేసేయండి, వెనక్కి వెళ్ళే దారి ఉండకూడదు.

కూత మాన్పడం సులువు. బోర్డు మీద చిన్న స్పీకర్ తీగ ఉంటుంది, పీకేయండి. నిశ్శబ్దం. ఇల్లంతా ప్రశాంతంగా ఉంటుంది.

8. ఎవరికి ఏం చెప్పాలి

అసలు విద్య ఇదే. ర్యామ్ కొనడం ఎవడైనా కొంటాడు. ఆ తర్వాత నిలబడడంలోనే మనిషి సత్తా తెలుస్తుంది.

ఇంట్లో: "మిచౌంగ్ తుపానప్పుడు చేరిన చెమ్మ." 2023 డిసెంబరు 5న అది బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ రోజు వాన చూసినవాళ్ళెవరూ మీ మాట కాదనరు. ఆ సిస్టమ్ మొన్నటి దాకా నడిచింది కదా అంటే, "లోపల్లోపల ఉంటుంది" అనండి. చెమ్మకి ఆ స్వభావం ఉందని అందరికీ తెలుసు.

పెద్దాడికి, ఫోన్‌లో: "విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసిందిరా. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలట, మన ప్రాసెసర్ సరిపోదట." ఇందులో ప్రతి అక్షరమూ నిజం. తెర నల్లగా ఉండడానికి దీనికి ఏ సంబంధమూ లేదు. నిజం చెప్తూ తప్పించుకునేవాడికి రాత్రి నిద్ర బాగా పడుతుంది.

బావమరిదికి: ఈయనతో జాగ్రత్త. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయం చేయాలనే పిచ్చి. "బావా, బోర్డు ఫొటో పెట్టు, నేను చూసి చెప్తా" అంటాడు. పెట్టనంటే అనుమానం వస్తుంది. పెట్టండి. టార్చి వెలుగు స్టిక్కర్ మీద పడి మెరిసేలా, చెయ్యి కాస్త కదిపి తీయండి. "బావా, కనపడట్లా" అంటాడు. ఇంకోటి పెట్టండి, ఈసారి ఫ్యానుది. మూడోది మీ బొటనవేలిది. నాలుగో ఫొటో అడగడు. నెల తర్వాత పండక్కి వచ్చినప్పుడు అందరిముందూ "బావమరిదిని అడిగే చేశాను" అనండి. ఆయన నోరు తెరిచేలోగా పులిహోర వడ్డించమనండి.

"సీపీయూ షాపుకి తీసుకెళ్ళమని చెప్పాను కదా" అని మీ ఆవిడ నిలదీస్తే, దానికి నా దగ్గర గట్టి సమాధానం ఉంది, మీకిస్తున్నాను. ర్యామ్‌లో ఒక్కో బిట్టుకి ఒక ట్రాన్సిస్టరు, ఒక చిటికెడు కెపాసిటరు. 1966లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరు ఇది ఆలోచించాడు, 1968లో పేటెంట్ వచ్చింది. ఆ కెపాసిటర్‌లో ఛార్జి నిలవదు, కారిపోతూ ఉంటుంది. అందుకని 64 మిల్లీసెకన్లు తిరిగేలోగా మొత్తాన్ని మళ్ళీ నింపుతూ ఉండాలి. అంటే సెకనుకి పదిహేనుసార్ల పైన. ఇది వివరంగా చెప్పి, "జ్ఞాపకం పెట్టుకోవడం కోసమే పుట్టిన వస్తువుకి సెకనుకి పదిహేనుసార్లు గుర్తు చేయాలి. నాకు సోమవారం ఒక్కసారి చెప్పి ఊరుకుంటే ఎలా?" అనండి. మా ఆవిడ ఆ రోజంతా మాట్లాడలేదు. నెగ్గినట్టే కదా.

9. వారంటీ

పేరున్న కంపెనీల స్టిక్కులకి ఏళ్ళ తరబడి వారంటీ ఉంటుంది, కొన్నిటికి లైఫ్‌టైమ్. స్టిక్కర్ చిరిగితే వారంటీ పోతుంది. కాబట్టి మొదటి రోజే స్టిక్కర్ ఊడదీసి పిల్లదాని జామెట్రీ బాక్స్ మీద అంటించండి. మార్చుకుని రమ్మని ఎవరూ పంపలేరు.

10. చివరి మెట్టు

పది రోజులు ఆ సిస్టమ్‌ని ముందుగదిలో అలాగే ఉంచండి. రోజుకోసారి స్విచ్ వేసి, నిట్టూర్చి, ఆపేయండి. పదకొండో రోజు మానిటర్ మీద ఎవరో ఉతికిన తువ్వాలు ఆరేస్తారు. ఇల్లు ఆ వస్తువుని వదులుకుందనడానికి అదే గుర్తు. అప్పుడు అటక ఎక్కించండి. కరెంటు బిల్లు మీ ఆవిడ ఫోన్‌లో కడుతుంది. హాల్‌టికెట్ పిల్లదే నెట్ సెంటర్‌కి వెళ్ళి తెచ్చుకుంటుంది. పెద్దమ్మ పింఛను సంగతి ఆవిడే సచివాలయానికి నడిచి కనుక్కుంటుంది. అర కిలోమీటరే కదా, నడక మంచిది. సిస్టమ్ ఉన్న బల్ల ఖాళీ అయింది కాబట్టి అక్కడ మడత మంచం పడుతుంది. నాది పట్టింది. కిటికీ పక్కనే, గాలి బాగా వస్తుంది.

మొత్తం ఖర్చు ఒక సర్వర్ స్టిక్, ఒక డీడీఆర్4 స్టిక్, రెండు రైలు టికెట్లు, ఒక అప్పడాల కర్ర. కర్ర మళ్ళీ పనికొస్తోంది.

మీ ఇంట్లో వాడకుండా పడి ఉన్న ర్యామ్ స్టిక్ ఏదైనా ఉంటే, ఏ తరానిదైనా సరే, పారేయకుండా నాకు పంపండి. ఎదురింటివాళ్ళ సిస్టమ్ స్లో అయిందట. ఆదివారం వచ్చి వేసిపెడతానని మాటిచ్చాను.